పోర్ట్రెయిట్ నేర్చుకోవాలంటే ముందు ఎవరి ఫోటోలు చూడాలి? లిండ్‌బర్గ్, రోవెర్సీ, వాకర్, మిచెల్

ఫోటోలు తీయడం కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు నా దగ్గరికి వస్తే ముందు వాళ్ళ ఫోన్ చూపించమంటాను. సేవ్ చేసి పెట్టుకున్న ఫోటోలు అందులో వందల్లో ఉంటాయి. ఒకటి నలుపు తెలుపు, ఒకటి పొగమంచులో తీసినట్టు మెత్తగా, ఇంకొకటి జాతరలా రంగురంగులుగా. "అక్కా, వీటిల్లో ఏది ప్రాక్టీస్ చేయమంటావు?" అని అడుగుతారు. అన్నీ బాగానే ఉంటాయి, అందుకే ఎటూ తేల్చుకోలేకపోతుంటారు.

నేను చెప్పేది ఒకటే. ఆరు నెలలు ఒక్కరినే పట్టుకుని చూడండి. ఆ ఒక్కరు ఎవరన్నది మీ ఫోటోల్లో ఏది కొరవడిందో చూసుకుని తేల్చుకోండి. ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్లు ఎందుకంటారా? వాళ్ళకి బట్టలు చూపించే పని అప్పజెప్తారు. ఆ పని చేస్తూనే కొందరు మనిషిని చూపించేస్తారు. మనం పెళ్లిలో పట్టుచీర, నగలు, మేకప్ మధ్య పెళ్లికూతురి ముఖం వెతుక్కునేది కూడా అలాంటి పరిస్థితిలోనే. అందుకని ఈ నలుగురినీ ఎంచుకున్నాను: పీటర్ లిండ్‌బర్గ్, పావ్‌లో రోవెర్సీ, టిమ్ వాకర్, టైలర్ మిచెల్. లిండ్‌బర్గ్ 2019 సెప్టెంబర్‌లో చనిపోయారు. మిగతా ముగ్గురూ ఇప్పటికీ పని చేస్తున్నారు.

దేన్ని చూసి ఎంచుకోవాలి

మొదటిది వెలుగు. వాళ్ళు వాడే వెలుగు మీకు అందుబాటులో ఉందా? కిటికీ చాలా, జనరేటర్ కావాలా? రెండోది ఏర్పాటు, దాంతోపాటు ఖర్చు. ఒక కుర్చీ, ఒక గోడ సరిపోతాయా, లేక వడ్రంగి, దర్జీ, పెయింటర్ కూడా కావాలా? మూడోది, కెమెరా ముందున్న మనిషితో వాళ్ళు మెలిగే తీరు. ఇది ఫోటోలో కనిపించదనుకుంటాం గానీ, ఎదుటివాళ్ళ భుజాలు చూస్తే తెలిసిపోతుంది. బిగుసుకున్నాయా, వదులుగా ఉన్నాయా అన్నది చూడండి.

నాలుగోది నా వరకు అన్నిటికంటే ముఖ్యమైనది: చర్మాన్ని ఏం చేస్తున్నారు? ముడతలు ఉంచుతున్నారా, చెరిపేస్తున్నారా? నల్లటి ఒంటిని నల్లగానే చూపిస్తున్నారా?

దీన్ని ఇంత గట్టిగా అడగడానికి ఒక కారణం ఉంది. మా చెల్లి చామనచాయ. ఎడమ కనుబొమ్మ పక్కన పెసరగింజంత పుట్టుమచ్చ. దాని పెళ్లికి ఒక స్టూడియో వాళ్ళు ఆల్బం చేసిచ్చారు. తెరిస్తే ముఖం సున్నం కొట్టినట్టుంది, మెడ దగ్గర ఒక గీత, అక్కడి నుంచి కింద చేతులు మాత్రం దాని అసలు రంగు. పుట్టుమచ్చ లేదు. మా అమ్మ ఆల్బం మూసి పక్కన పెట్టి, "ఈ పిల్ల ఎవరే?" అంది. ఆ మాట నా చెవిలో ఇంకా అలాగే ఉంది. అప్పటి నుంచి ఏ ఫోటోగ్రాఫర్ పని చూసినా ముందు ఈ కొలతే పెట్టి చూస్తున్నాను.

ఇక వాళ్ళు పైకి వచ్చిన దారి. ఇది చదివి వదిలేసేది కాదు. ఎవరి దగ్గర అసిస్టెంట్‌గా చేశారు, ఏ వయసులో మొదలుపెట్టారు అన్నది తెలిస్తే మన తొందర కాస్త తగ్గుతుంది.

| | లిండ్‌బర్గ్ | రోవెర్సీ | వాకర్ | మిచెల్ |
|---|---|---|---|---|
| పుట్టిన ఏడు | 1944 | 1947 | 1970 | 1995 |
| ప్రధానంగా వెలుగు | ఆరుబయలు, పగటి వెలుగు | కిటికీ, చీకట్లో టార్చి | సెట్‌ని బట్టి | మెత్తటి ఎండ, నీడపట్టు |
| రంగు | ఎక్కువగా నలుపు తెలుపు | రెండూ, వెలిసినట్టుండే రంగులు | నిండు రంగులు | లేత, వెచ్చని రంగులు |
| ఏర్పాటు ఖర్చు | తక్కువ | తక్కువ, ఓపిక ఎక్కువ | చాలా ఎక్కువ | తక్కువ |
| నేర్పేది | ముఖాన్ని ఉన్నట్టు ఉంచడం | కాలాన్ని సాగదీయడం | ఊహని కట్టి నిలబెట్టడం | తీరికని, చర్మం రంగుని చూపడం |
| అనుకరిస్తే ప్రమాదం | దిగులు మొహాలు | మసక | బొమ్మ నిండా సామాను | చప్పబడిన వెలుగు |

పట్టికలో పట్టనివి కింద చెప్తాను.

పీటర్ లిండ్‌బర్గ్

జర్మనీలో డ్యూయిస్‌బర్గ్ అనే ఊళ్ళో పెరిగారు. ఉక్కు ఫ్యాక్టరీలు, పొగగొట్టాల ఊరు. కుర్రతనంలో పెద్ద దుకాణాల్లో అద్దాల వెనక బొమ్మలకు బట్టలు తొడిగి అలంకరించే పని చేశారు. తర్వాత పెయింటింగ్ చదివారు. 1971లో డ్యుసెల్‌డార్ఫ్‌లో హాన్స్ లుక్స్ అనే ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరి రెండేళ్ళు పనిచేశారు. అప్పటికి ఆయన వయసు 26 దాటింది. 1978లో పారిస్ చేరారు. "నాకు పాతికేళ్ళు వచ్చేశాయి, ఇంకెప్పుడు నేర్చుకుంటాను" అని బాధపడేవాళ్ళకి ఈ తేదీలు చెప్తుంటాను.

1988లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికా బీచ్‌లో కొందరు అమ్మాయిలకు తెల్ల చొక్కాలు వేయించి తీశారు. లిండా ఎవాంజెలిస్టా, క్రిస్టీ టర్లింగ్టన్, తాత్యానా పాటిట్జ్ లాంటివాళ్ళు. మేకప్ నామమాత్రం, జుట్టు గాలికి చెదిరి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటున్నారు. ఆ రోజుల్లో ఫ్యాషన్ పత్రిక అంటే భుజాలకి ప్యాడ్‌లు, మెరిసే మేకప్, స్టూడియో లైట్లు. అమెరికన్ వోగ్ అప్పటి సంపాదకులు ఆ ఫోటోలు వేసుకోలేదు. ఆ ఏడే అనా వింటూర్ ఆ కుర్చీలోకి వచ్చి, 1988 నవంబర్ సంచికకి, అంటే తన మొట్టమొదటి కవర్‌కి, లిండ్‌బర్గ్ ఫోటోనే వేశారు. ఖరీదైన రాళ్ళ జాకెట్ కింద మామూలు జీన్స్ వేసుకున్న మోడల్, కళ్ళు సగం మూసి నవ్వుతూ ఉంటుంది. ఇదే కవరా, ఏదైనా పొరపాటా అని అచ్చు వేసే ప్రెస్సు వాళ్ళు ఫోన్ చేసి అడిగారని వింటూరే తర్వాత చెప్పారు.

1990 జనవరి బ్రిటిష్ వోగ్ కవర్ కూడా ఆయనదే. ఐదుగురు మోడళ్ళు న్యూయార్క్ వీధిలో నిలబడి ఉంటారు. 'సూపర్‌మోడల్' అన్న మాట వచ్చినప్పుడల్లా ఈ ఫోటోనే చూపిస్తారు. దాన్ని పెద్దది చేసి ఒక్కో ముఖాన్నీ విడిగా చూడండి. ఐదుగురిలో ఎవరి చూపూ ఇంకొకరిలా ఉండదు. గుంపు ఫోటోలో మనుషుల్ని విడివిడిగా నిలపడం ఎంత కష్టమో పెళ్లిళ్ళలో బంధువుల ఫోటో తీసినవాళ్ళని అడిగితే చెప్తారు.

నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని, టైర్ల కంపెనీ పిరెల్లీ వేసే క్యాలెండర్‌లో 2017ది. ఆ క్యాలెండర్ అంటే అప్పటిదాకా ఎక్కువగా అర్ధనగ్నంగా ఉన్న మోడళ్ళు. ఆయన నటీమణుల్ని పిలిచి, ముఖాల మీద టచప్ లేకుండా నలుపు తెలుపులో తీశారు. హెలెన్ మిరెన్, షార్లెట్ రాంప్లింగ్ ఇద్దరికీ అప్పటికే 70 నిండాయి. కళ్ళ కింద సంచులు, పెదవుల చుట్టూ గీతలు, అన్నీ అలాగే ఉంచారు. వయసు దాచకపోతే ముఖంలో ఎంత ఉంటుందో ఆ పేజీలు చూస్తే తెలుస్తుంది.

ఆయన్ని ఎంచుకుంటే వచ్చే ఇబ్బంది కూడా చెప్పాలి. నలుపు తెలుపు చేస్తే ఏ ఫోటో అయినా గంభీరంగా కనిపిస్తుంది. ఆ గంభీరం మనిషిదా, రంగు తీసేసినందుకు వచ్చిందా అని మిమ్మల్ని మీరే అడుగుతుండాలి. ఇంకొకటి, ఫోన్‌లో రంగు పూర్తిగా తీసేసే మీట నొక్కితే మన ఒంటి రంగు బూడిదలా చప్పగా వస్తుంది. నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు, నారింజ రంగుల పాళ్ళు విడిగా సర్దుకోండి. మన చర్మంలో ఉండేది ఆ రెండు రంగులే. అవి పెంచితే ముఖం తెల్లబడి నునుపవుతుంది, తగ్గిస్తే ముడతలు, మచ్చలు గాఢంగా కనిపిస్తాయి. కొద్దిగా తగ్గించి చూడండి, ఆయన పద్ధతికి దగ్గర పడతారు.

పావ్‌లో రోవెర్సీ

ఇటలీలోని రవెన్నాలో పుట్టారు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఊళ్ళో పోస్ట్‌మ్యాన్‌తో కలిసి ఇంటి నేలమాళిగలో డార్క్‌రూమ్ పెట్టుకుని ఫిల్మ్ కడగడం నేర్చుకున్నారు. తర్వాత వార్తా సంస్థకి పనిచేశారు. 1972లో వెనిస్‌లో కవి ఎజ్రా పౌండ్ అంత్యక్రియలు తీసిందీ ఆయనే. 1973లో పారిస్ వెళ్ళి లారెన్స్ సాక్‌మన్ అనే ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరారు. కెమెరా, ట్రైపాడ్ గట్టిగా బిగించి ఉండాలి, కళ్ళూ మనసూ మాత్రం స్వేచ్ఛగా ఉండాలి అన్నది ఆ గురువు దగ్గర నేర్చుకున్న పాఠం. ఆయన ఫోటోలు అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

1980 నుంచి 8×10 అంగుళాల పోలరాయిడ్, అంటే తీసిన వెంటనే ఫోటో వచ్చేసే ఫిల్మ్, వాడారు. అంత పెద్ద కెమెరా ముందు ఎవరూ గబగబా పోజులు మార్చలేరు. మనిషి కూర్చుంటుంది, వెలుగు నెమ్మదిగా ఫిల్మ్ మీద పడుతుంది. కొన్నిసార్లు గది చీకటి చేసి, షట్టర్ తెరిచిపెట్టి, చేతి టార్చితో ముఖం మీద వెలుగు పూస్తారు. అందుకే ఆయన ఫోటోల్లో మనుషులు గోడ లోపలి నుంచి మెల్లగా బయటికి వస్తున్నట్టుంటారు. 2008లో పోలరాయిడ్ కంపెనీ ఫిల్మ్ తయారీ ఆపేసింది. ఆయన డిజిటల్‌లోకి వచ్చినా ఆ నెమ్మది వదల్లేదు. 2022 జనవరిలో బ్రిటన్ యువరాణి కేట్ 40వ పుట్టినరోజుకి విడుదలైన పోర్ట్రెయిట్లు ఆయన తీసినవే. పాతకాలపు రాజకుటుంబ చిత్రపటాల ఛాయలున్నా, కాసేపు చూస్తే ఒక మామూలు ఆడమనిషి కనిపిస్తుంది.

ఇది ఇంట్లో చేయొచ్చు, డబ్బు ఖర్చు కాదు. ఒకసారి రాత్రి కరెంటు పోయినప్పుడు మా తాతయ్యని కుర్చీలో కూర్చోబెట్టాను. ఫోన్ ట్రైపాడ్ మీద, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే చురుకు) 100, షట్టర్ పది సెకన్లు. "కదలకు తాతయ్యా" అంటే, "ఊపిరి తీసుకోవచ్చా?" అన్నాడు. చిన్న టార్చిని పక్క నుంచి ఆయన నుదుటి మీదుగా తిప్పి, కళ్ళ దగ్గర మూడు సెకన్లు ఆపాను. ఊపిరికి భుజాలు కదిలి కండువా పొగలా వచ్చింది. కళ్ళు మాత్రం చెక్కినట్టు నిలిచాయి. ఎనిమిదో ప్రయత్నానికి వచ్చిన ఫోటో అది. మొదటి ఏడూ పనికిరాలేదు. టార్చి నేరుగా కెమెరా వైపు తిరిగితే తెల్లటి గీత పడుతుంది, ఒకేచోట ఎక్కువసేపు ఆపితే అక్కడ కాలిపోయినట్టవుతుంది.

ఓపిక లేనివాళ్ళు ఈయన్ని ఎంచుకోవద్దు. పసిపిల్లల్ని తీసేవాళ్ళకీ కుదరదు.

టిమ్ వాకర్

చదువుకి ముందు ఒక ఏడాది లండన్‌లో, వోగ్‌ని ప్రచురించే కాండే నాస్ట్ కంపెనీ లైబ్రరీలో, పాత ఫోటోగ్రాఫర్ సెసిల్ బీటన్ ఫోటోల భాండారంలో పనిచేశారు. తర్వాత న్యూయార్క్‌లో రిచర్డ్ అవెడాన్ అనే ఫోటోగ్రాఫర్‌కి అసిస్టెంట్. అంటే ఒకరి దగ్గర అలంకారం, ఇంకొకరి దగ్గర తెల్ల గోడ ముందు నిలబెట్టిన మనిషి. ఆయన పనిలో ఈ రెండూ ఉంటాయి, కానీ లోకానికి తెలిసింది మొదటిదే. గదిలో పట్టనంత బొమ్మలు, మనిషిని మించిన పురుగులు, ఇంట్లోకి దూసుకొచ్చిన విమానం. వీటిని కంప్యూటర్‌లో అతికించరు. షోనా హీత్ లాంటి సెట్ డిజైనర్లతో నిజంగా కట్టిస్తారు. 2005లో గుజరాత్ వచ్చి, మెలికలు తిరిగిన మెట్ల మీద మోడల్ లిలీ కోల్‌ని తీసిన ఫోటో ఆయన పనిలో బాగా పేరున్నది. 2018 పిరెల్లీ క్యాలెండర్‌కి అందరూ నల్లజాతి వాళ్ళతోనే ఒక అద్భుతలోకం కట్టారు.

మనవైపు ఇలాంటి ఊహ లేదనుకోకండి. చెన్నై ఫోటోగ్రాఫర్ జి. వెంకట్రామ్ 2020 క్యాలెండర్ కోసం సమంత, రమ్యకృష్ణ, శ్రుతిహాసన్ లాంటివాళ్ళతో రవివర్మ చిత్రాల్ని మళ్ళీ నిలబెట్టారు. చీర మడత, చేతి వేళ్ళ వంపు దాకా చూసుకుని చేసిన పని. వాకర్ దారి నచ్చినవాళ్ళు అక్కడి నుంచి మొదలుపెడితే దగ్గరగా ఉంటుంది.

ఒంటరిగా పనిచేసేవాళ్ళకి మాత్రం వాకర్‌ని మొదటి గురువుగా నేను చెప్పను. సెట్ బాగుంటే మనిషి ముఖం ఎలా ఉన్నా ఫోటో బాగున్నట్టే అనిపిస్తుంది, ఆ భ్రమలో పడితే పోర్ట్రెయిట్ నేర్చుకోలేం. ఆయన అవెడాన్ దగ్గర ఉత్త గోడ ముందు పని చూసి వచ్చాకే ఇదంతా చేశారని గుర్తుంచుకోండి. ఒకవేళ చేయాలనిపిస్తే సంక్రాంతి బొమ్మల కొలువు దగ్గర ఒక పాపని కూర్చోబెట్టి తీయండి. సెట్ ఇంట్లోనే ఉంది, పైగా ప్రతి బొమ్మ వెనకా ఇంటివాళ్ళ కథ ఉంటుంది.

టైలర్ మిచెల్

అట్లాంటాలో పుట్టారు. స్కేట్‌బోర్డ్ వీడియోలు తీస్తూ మొదలుపెట్టి, న్యూయార్క్ యూనివర్సిటీలో సినిమా చదివారు. 2018 సెప్టెంబర్ అమెరికన్ వోగ్ కవర్‌కి బియాన్సేని తీశారు. అప్పుడు ఆయనకి 23 ఏళ్ళు. 1892లో మొదలైన ఆ పత్రికకి కవర్ తీసిన మొట్టమొదటి నల్లజాతి ఫోటోగ్రాఫర్. ఆ వరసలోని ఒక పోర్ట్రెయిట్‌ని మరుసటి ఏడాది స్మిత్సోనియన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ తీసుకుంది.

ఆ ఫోటోల్లో కొన్నిటి వెనక కనిపించేది వేలాడదీసిన దుప్పటి. అంతే. ఆయన మిగతా పనిలోనూ పెద్దగా ఏమీ జరగదు. గడ్డి మీద పడుకున్న కుర్రాళ్ళు, ఊయల, పార్కు, దండెం మీద బట్టలు. నల్లజాతి యువతని భయంతోనో జాలితోనో చూసే ఫోటోలు లోకంలో బోలెడు. ఈయన వాళ్ళని తీరిగ్గా, హాయిగా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేనట్టు చూపించారు. తీరిక కూడా ఒక మనిషికి దక్కాల్సిన మర్యాదే అని ఆయన ఫోటోలు చూశాకే నాకు తట్టింది.

చర్మం విషయానికి వద్దాం. రంగుల ఫిల్మ్ రోజుల్లో ల్యాబుల్లో ప్రింట్ రంగు సరిచూసుకోవడానికి కొడాక్ పంపే 'షెర్లీ కార్డ్' మీద చాలా ఏళ్ళపాటు ఉన్నది తెల్ల అమ్మాయి బొమ్మే. ఆమె ముఖం సరిగ్గా వస్తే మిషన్ సరిగ్గా ఉన్నట్టు. నల్లగా ఉన్నవాళ్ళ ముఖాలు మట్టిగడ్డల్లా రావడంలో తప్పు ఆ కొలబద్దది, వాళ్ళ ముఖాలది కాదు. ఇప్పటి కెమెరాలు చాలా మెరుగయ్యాయి గానీ, వాటిల్లో వెలుగు కొలిచే మీటర్ ఇప్పటికీ ఫ్రేమ్ అంతటినీ మధ్యస్థపు బూడిద రంగు దగ్గరికి లాగుతుంది. తెల్లగోడ ముందు చామనచాయ మనిషి నిలబడితే ముఖం చీకటవుతుంది. అప్పుడు ఎడిటింగ్‌లో తెల్లబరుస్తారు, సున్నం కొట్టినట్టవుతుంది. చేయాల్సింది తీసేటప్పుడే ముఖం మీద స్పాట్ మీటరింగ్, అంటే ఆ ఒక్కచోటే వెలుగు కొలవడం, పెట్టుకోవడం. ఫోన్ అయితే ముఖం మీద వేలు ఆనించి, వెలుగు అక్కడ లాక్ చేయడం.

ఆయన పని అందరికీ నచ్చలేదు, ఆ సంగతీ తెలియాలి. 2021 ఫిబ్రవరి వోగ్ కవర్ మీద వచ్చిన కమలా హ్యారిస్ ఫోటోకి వెలుగు చప్పగా ఉందని, ఉపాధ్యక్షురాలి హోదాకి తగినట్టు లేదని గట్టి విమర్శ వచ్చింది. తర్వాత ఆయనే తీసిన ఇంకో ఫోటోతో ప్రత్యేక కవర్ కూడా వేశారు. మెత్తటి వెలుగుని నమ్ముకుంటే వచ్చే ఇబ్బంది ఇదే. ముఖానికి ఒక పక్క నీడ లేకపోతే ఎముక తెలియదు. చేతిలో ఒక నల్ల గుడ్డ ఉంచుకోండి. ముఖానికి ఒక పక్కన పట్టుకుంటే నీడ తిరిగొస్తుంది.

మీరు ఎవరైతే, ఎవరిని

పెళ్లి ఫోటోలు తీసేవాళ్ళు మిచెల్‌తో మొదలుపెట్టండి. రోజూ మీ ముందుకి వచ్చేది మన రంగు మనుషులే. ముందు ఆ రంగుకి న్యాయం చేయడం రావాలి. ఫోటో ఫెయిర్‌గా చేయమని ఇంట్లోవాళ్ళే అడుగుతారు, నాకూ తెలుసు. రెండూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టి చూపించండి. చాలాసార్లు వాళ్ళే అసలుదాన్ని తీసుకుంటారు.

ఇంట్లో అమ్మమ్మని, తాతయ్యని తీసి దాచుకోవాలనుకునేవాళ్ళు లిండ్‌బర్గ్‌ని చూడండి. రెండో ఆలోచన వద్దు. వీధి గుమ్మం పక్కన మంచం వాల్చి, వెలుగు ఒక పక్క నుంచి పడేట్టు కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి తీయండి. నవ్వమని మాత్రం అడక్కండి.

స్టూడియో ఉండి, రోజూ అవే సాఫ్ట్‌బాక్సులతో (లైటుకి తగిలించి వెలుగుని మెత్తబరిచే గుడ్డ పెట్టెలతో) విసిగిపోయినవాళ్ళకి రోవెర్సీ. లైట్లన్నీ ఆపేసి ఒక వారం టార్చితోనే పనిచేయండి. వెలుగు ఎక్కడ పడాలో చెయ్యి నేర్చుకుంటుంది.

ఫ్యాషన్ డిజైన్ చదివే పిల్లలు, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లోకి వెళ్ళాలనుకునేవాళ్ళు వాకర్‌ని తీసుకోవచ్చు. మీకు తోడుగా పది మంది ఉంటారు కాబట్టి ఆ దారి మీకు పనికొస్తుంది.

ఇద్దరి మధ్య ఊగిసలాడుతుంటే ఇలా చేయండి. ఇద్దరివీ చెరో ఐదు ముఖాలు, దగ్గరగా తీసినవి, పెద్ద సైజులో ప్రింట్ వేయించండి. ఫోన్ తెర మీద చూడొద్దు. వారం పాటు గోడకి అంటించి, రోజూ కళ్ళలో పడిన వెలుగు చుక్క మాత్రమే చూడండి. నలుచదరంగా ఉంటే కిటికీ గానీ సాఫ్ట్‌బాక్స్ గానీ, వలయంలా ఉంటే రింగ్‌లైట్, సూది మొనంత ఉంటే ఎండ గానీ టార్చి గానీ. ఎవరి చుక్క దగ్గర మీ చూపు ఎక్కువసేపు ఆగిందో వాళ్ళతో మొదలుపెట్టండి.

మా చెల్లిని మళ్ళీ తీశాను. డాబా మీద, సాయంత్రం ఐదున్నరకి, దండెం మీద ఆరేసిన తెల్ల దుప్పటి ముందు. ముఖం మీద వెలుగు లాక్ చేసి, ఒక పక్కన అమ్మ నల్ల శాలువా పట్టుకుంది. పుట్టుమచ్చ ఉంది. ప్రింట్‌ని దగ్గరగా పెట్టుకుని చూస్తే దాని కళ్ళలో పై సగమంతా ఆకాశం, కింద ఒక మూల శాలువా పట్టుకుని నిలబడ్డ అమ్మ.